వరహూరు ఉత్సవము – శ్రీ నారాయణతీర్థుల పుణ్యచరిత్ర

కలియుగమున భగవంతుని చేరుటకు నామసంకీర్తనమే సులభమైన ఉపాయమని పెద్దలు నిర్ణయించిరి. యజ్ఞమునకు ద్రవ్యము కావలెను. తపస్సునకు దేహబలము కావలెను. ధ్యానమునకు ఏకాంతము కావలెను. సంకీర్తనమునకు కావలసినది కంఠమును, ప్రక్కన కూర్చుండి గొంతు కలుపు నలుగురు మనుష్యులును మాత్రమే. రాజాస్థానములలో ఘనసన్మానములందిన కావ్యములు ఎన్నియో తాళపత్రములయందే నిలిచిపోయినవి. ఒక మారుమూల పల్లెలో ఊరివారందరును కలిసి పాడుకొనిన పాటలు మాత్రము నేటికిని జీవించుచున్నవి. ఆ పల్లె తంజావూరు మండలములోని వరహూరు. ఆ పాటలు శ్రీకృష్ణలీలాతరంగిణిలోనివి. వానిని రచించిన మహనీయుడు మన కృష్ణాతీరమువాడైన శ్రీ నారాయణతీర్థ యతీంద్రుడు.

తీర్థులవారి జన్మస్థానము గుంటూరు జిల్లాలో మంగళగిరికి సమీపముననున్న కాజ గ్రామమని ప్రసిద్ధి. విజయవాడనుండి గుంటూరునకు పోవువారందరును ఆ గ్రామము ప్రక్కగానే పోవుదురు. రహదారి సుంకము చెల్లించుటకు వాహనములు ఆగు చోటుగా దాని పేరు నేడు ఎల్లరకును తెలియును. ఒక మహాభక్తుని జన్మభూమిగా దానిని తలచుకొని నమస్కరించువారు కొలదిమందియే. ఆయన తల్లావజ్ఝలవారి వంశమున పుట్టిరనియు, పూర్వాశ్రమములో గోవిందశాస్త్రి యను పేరు కలవారనియు చెప్పుదురు. కాలము 17వ శతాబ్దము. చిన్ననాటనే వేదశాస్త్రములను అభ్యసించి, సంగీతమునందును నాట్యశాస్త్రమునందును ప్రవేశము సంపాదించి, వివాహము చేసికొని గృహస్థాశ్రమమున ప్రవేశించిరి. ఆనాడు మన పల్లెలలోని పండిత కుటుంబములన్నియు నడచిన బాటయే అది. విశేషమంతయు ఆ తరువాత జరిగినది.

ఒకనాడు ఆయన అత్తవారి ఊరికి బయలుదేరిరి. దారిలో నది దాటవలసి వచ్చెను. ఆ నది కృష్ణవేణియేయని మన ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. నడుమకు చేరునప్పటికి ప్రవాహము ఒక్కసారిగా పెరిగెను. ఏటి ఒడ్డున నివసించువారికి ఈ మాట వింతగా తోచదు. చెవిటికల్లు మొదలు వేదాద్రి వరకు కృష్ణ ఒడ్డున నున్న ఊళ్లవారికి నది స్వభావము తెలిసినదే. ఎగువన వాన కురిసినచో ఇచ్చట ఎండ కాయుచుండగనే నీరు వచ్చి చుట్టుముట్టును. 2021 ఆగస్టులో చెవిటికల్లు వద్ద నదిలోనికి ఇసుకకై దిగిన లారీలు నూటికి పైగా అట్లే వరదలో చిక్కుకొనగా, అందలి మనుష్యులను పడవలపై గట్టునకు చేర్చవలసి వచ్చెను. 2024 సెప్టెంబరులో మున్నేరును కృష్ణయు కలిసి చేసిన ఉపద్రవమును మనమింకను మరువలేదు. ఇట్టి ప్రవాహము నడుమ గోవిందశాస్త్రి ఒంటరిగా నిలిచిపోయిరి.

ప్రాణాపాయము సంభవించినప్పుడు మనస్సుచేతనే సన్న్యాసమును స్వీకరించుటకు ధర్మశాస్త్రము అనుమతించుచున్నది. దీనిని ఆతురసన్న్యాసమందురు. అగ్నులు, హోమములు, గురువు, దండకమండలువులు ఏమియు లేకుండగనే, సమస్త భూతములకును అభయమిచ్చి, సర్వమును విడిచితినని సంకల్పించినచో చాలును. అట్లు విడిచినవాడు దైవవశమున బ్రతికి బయటపడినచో, తరువాత గురుసన్నిధిలో విధివిధానముగా ఆ ఆశ్రమమును స్వీకరించవలెను. వెనుకకు మరలి గృహస్థుగా జీవించుటకు వీలు లేదు. శాస్త్రము తెలిసిన గోవిందశాస్త్రి నీటి నడుమ ఆ సంకల్పమును చేసిరి. కొంతసేపటికి ప్రవాహము తగ్గెను. ఆయన ఆవలి గట్టు చేరిరి.

ఈ ఘట్టమున మనము ఒకింత నిలిచి ఆలోచింపవలెను. నదిలో చేసిన సంకల్పమునకు సాక్షి యెవ్వడును లేడు. ఒడ్డున నిలిచి చూచినవారు లేరు. చెవితో విన్నవారు లేరు. భయముచేత నన్నమాట బలవంతపుమాట యని మనస్సునకు నచ్చచెప్పుకొనుటకు ఎంతటి పామరునకైనను క్షణము పట్టదు. శాస్త్రము చదివినవానికి యుక్తులు మరికొన్ని దొరకును. ఎదుట అత్తవారి ఇల్లు, యౌవనము, ఎదురుచూచు ఇల్లాలు. ఆయన సందేహముతోనే ఆ ఇంటి గడప వద్దకు పోయిరని కథ చెప్పుచున్నది. అత్తవారింట భార్య తలుపు తీసి చూచునప్పటికి, ఆమెకు కనిపించినది తన భర్త కాదు, కాషాయము ధరించిన యతి యట. ఏమి జరిగినదని ఆమె అడిగెను. ఆయన దాచక జరిగినదంతయు చెప్పిరి. ఆమె విని, ఇచ్చిన మాటను నిలుపుకొనుమని ఆయనను సాగనంపెను.

లోకము యతిని కీర్తించును; ఆ ఇల్లాలిని తలచువారు అరుదు. నదిలో ఆయన విడిచినది తన సంసారమును. గడపలో ఆమె విడిచినది తన జీవితాధారమును. ఆయనకు ప్రాణభయమైనను కారణముగా నుండెను. ఆమెకు ఏ భయమును లేదు. భర్త ధర్మము చెడరాదను తలంపు మాత్రమే కలదు. తరంగిణిలో రుక్మిణీదేవి శ్రీకృష్ణునకై ఎదురుచూచు గీతములను విన్నప్పుడెల్ల నాకు ఆ సాధ్వి స్మరణకు వచ్చుచుండును. ఆమె త్యాగము లేకున్నచో నేడు మనము పాడుకొనుటకు ఆ పాటలు లేవు.

అటుపిమ్మట ఆయన శివరామతీర్థులవారిని ఆశ్రయించి విధిపూర్వకముగా సన్న్యాసము స్వీకరించి నారాయణతీర్థులైరి. తీర్థ శబ్దము శంకరభగవత్పాదుల సంప్రదాయములోని దశనామములలో నొకటి. కనుక ఆయన ఆశ్రమముచే అద్వైతి. హృదయము మాత్రము గోపాలకృష్ణుని పాదముల చెంతనే నిలిచినది. సిద్ధాంతములు వేరైనను భక్తి యొక్కటియే యనుటకు ఆయన జీవితమే నిదర్శనము. శ్రీవైష్ణవుల ఇండ్లలోను, మాధ్వుల ఇండ్లలోను, స్మార్తుల ఇండ్లలోను ఆయన గీతములను సమానమైన ఆదరముతో పాడుటకు కారణమిదియే.

సన్న్యాసము స్వీకరించినంతమాత్రమున దుఃఖములు తొలగవు. తీర్థులవారిని ఉదరశూల పీడింపసాగెను. ఔషధములవలన ఫలము లేకపోయెను. ఆయన క్షేత్రమునుండి క్షేత్రమునకు తిరుగుచు భగవంతుని సేవింపసాగిరి. మన జగ్గయ్యపేటకు సమీపమున కృష్ణాతీరమునందున్న వేదాద్రి క్షేత్రపు కథలలోను ఆయన పేరు వినిపించును. జ్వాలా, సాలగ్రామ, యోగానంద, లక్ష్మీ, వీర నరసింహ రూపములతో ఐదు విధముల స్వామి వెలసిన ఆ దివ్యస్థలమున, తీర్థులవారు వ్యాధినివారణకై యోగానంద నరసింహుని సేవించిరని చెప్పుదురు. ఈ ప్రాంతపు భక్తులకు ఆయన అన్యుడు కాడు. మనము మునుగు నీటిలోనే మునిగినవాడు, మనము మ్రొక్కు స్వామికే మ్రొక్కినవాడు.

తరువాత ఆయన దక్షిణమునకు సాగి కావేరీతీరము చేరిరి. ఆనాటి తంజావూరు తెలుగువానికి పరదేశము కాదు. 1532 నుండి 1673 వరకు ఆ రాజ్యమును పాలించినవారు తెలుగు నాయకరాజులు. వారి కాలమున మన ప్రాంతములనుండి పండితులును, గాయకులును, భాగవతులును పోయి అచ్చట స్థిరపడిరి. అచ్యుతప్పనాయకుడు మేలట్టూరులో తెలుగు బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లును భూములును ఇచ్చెననియు, ఆ ఇండ్లు 510 యనియు ప్రతీతి. నాయకరాజుల తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు కూడ తెలుగును, సంగీతమును పోషించిరి. రాజసభను కోరిన పండితునకు ఆ నేలలో లోటు లేదు. మన యతికి రాజసభతో పని లేకపోయెను.

కావేరినుండి చీలిన కుడమురుట్టి నది ఆ సీమలోనే ప్రవహించుచున్నది. బాధతో నడువలేక తీర్థులవారు ఒకరాత్రి నడుక్కావేరి యను ఊరిలో వినాయకుని కోవెల చెంత పరుండిరట. తెల్లవారగనే కంటికి తొలుత కనిపించు ప్రాణి వెంట నడువుమని ఆయనకు దైవాజ్ఞ యయ్యెను. ఉదయమున కనులు తెరచి చూడగా ఎదుట ఒక తెల్లని వరాహము నిలిచియున్నది. అది నడచెను, ఆయన అనుసరించిరి. అది భూపతిరాజపురమను చిన్న పల్లె చేరి, అచ్చటి దేవాలయము వద్ద అదృశ్యమయ్యెను. ఆ క్షణముననే ఆయన ఉదరశూల మాయమయ్యెను. మునిగిన భూదేవిని ఉద్ధరించిన స్వామియే, వ్యాధిలో మునిగిన తన భక్తుని ఉద్ధరించుటకు ఆ రూపమున వచ్చెనని ఊరివారు గ్రహించిరి. నాటినుండి భూపతిరాజపురము వరాహపురి యయ్యెను. అదియే వాడుకలో వరహూరు. తీర్థులవారు ఊరివారితో కలిసి అచ్చట శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమును తీర్చిదిద్దిరని స్థలచరిత్ర. తెలుగు యతి ఏడుకొండలవానిని కావేరీతీరమున కొలిచెననుట సహజమే కదా.

ఆ ఊరిలోనే శ్రీకృష్ణలీలాతరంగిణి అవతరించినది. శ్రీమద్భాగవతములోని దశమస్కంధమే దీనికి ఆధారము. గ్రంథమునకు 12 తరంగములు. శ్రీకృష్ణావతారము మొదలు రుక్మిణీకల్యాణము వరకును గల కథ ఇందు కలదు. శ్లోకము కథను నడపును. గద్యము దృశ్యమును కన్నులయెదుట నిలుపును. గీతము భావమును హృదయమున నాటును. గీతములు సుమారు నూటయేబది. నాట, సౌరాష్ట్ర, ముఖారి, మోహన, ఆనందభైరవి, కేదారగౌళ మొదలగు రాగములు ఇందు కనిపించును. కొన్ని గీతములలో నాట్యమునకు అనుకూలమైన జతులు కూడ కూర్పబడినవి. ప్రతి గీతమును ముగియుచోట కవి తన నారాయణతీర్థ నామమును ముద్రగా నిలిపిరి.

జయదేవుని గీతగోవిందమునకును దీనికిని పోలిక కలదు. రెండును సంస్కృతములు, రెండును గేయకావ్యములు, రెండింటికిని విభాగములు పండ్రెండు. జయదేవుడే మరల నారాయణతీర్థులై పుట్టెనని భక్తులు చెప్పుకొందురు. అయినను భేదము కలదు. గీతగోవిందము ఒక వసంతకాలపు శృంగారకథ. దానిని గ్రహించుటకు రసికత కావలెను. తరంగిణి పురుటింటి నుండి పెండ్లిపందిరి వరకు సాగిన కథ. దానిని గ్రహించుటకు ఇంటిలో ఒక పసిబిడ్డ ఆడుకొనుచున్న చాలును. సంస్కృతము బోధించినవాడనగుటచే నేను ఒక మాట చెప్పగలను. తీర్థులవారి గీతములలో దీర్ఘసమాసములున్నను అర్థము తెలియుటకు వ్యాకరణముతో కుస్తీ పట్టవలసిన పని లేదు. గోపాలుని గుణములను ఒకదాని వెంట నొకటి పేర్చుకొనుచు పోవుదురు. పిల్లవాడు పాటను కంఠస్థము చేసికొనినచో అతనికి తెలియకుండగనే విభక్తులు వచ్చును. తన తెలుగును ఆ తమిళ పల్లెవారిపై మోపక, వారికిని తనకును ఉమ్మడి ఆస్తియైన దేవభాషలో అంత సులభముగా పాడుట ఆయన చేసిన గొప్ప ఉపకారము.

ఆయన పాడుచుండగా తెరవెనుకనుండి బాలకృష్ణుని అందెల సవ్వడి వినిపించెననియు, ఆంజనేయస్వామి తాళము వేసెననియు వరహూరువారి విశ్వాసము. శ్రీకృష్ణజయంతికి ఊరివారందరును కలిసి ఆ గీతములను పాడి ఉత్సవము చేయు పద్ధతి తీర్థులవారినుండియే వచ్చినదని వారు చెప్పుదురు. దానికి ఉఱియడి యని పేరు. తమిళమున ఉఱి యనగా ఉట్టి. అడి యనగా కొట్టుట. తిరుమలలో గోకులాష్టమి మరునాడు జరుగు ఉట్లోత్సవమును చూచినవారికి ఇది తెలిసిన వేడుకయే. వరహూరులో దీని ప్రత్యేకత పాట. ఉత్సవదినములలో ప్రతిదినమును భాగవతులు ఆలయమున చేరి తరంగిణి పాడుదురు. జయంతినాడు స్వామి పల్లకిలో బయలుదేరగా పురుషులు తడిబట్టలతో వీథులలో అంగప్రదక్షిణము చేయుదురు. ఊరికి వచ్చిన పండితుడును, అంగడి నడుపుకొను సామాన్యుడును ఒకే మట్టిలో దొరలుదురు. రాత్రి ఉట్టి కొట్టుటయు, నూనె పూసిన జారుడు మ్రానును ఎగబ్రాకుటయు జరుగును. ఉద్యోగములకై చెన్నపురికిని, బొంబాయికిని, విదేశములకును పోయిన ఆ ఊరివారు ఆ దినములకు తప్పక ఇల్లు చేరుటకు యత్నింతురు.

ఈ ఉత్సవము నిలిచిన విధమును గమనింపుడు. ఆ రాజ్యము చేతులు మారినది. మరాఠా ప్రభువులు పోయి 1855లో తంజావూరు పూర్తిగా ఆంగ్లేయుల వశమైనది. ఆంగ్లేయులును పోయిరి. అగ్రహారములలోని పిల్లలు పట్టణములకు తరలిపోయిరి. గ్రంథములో పేర్కొనిన రాగములు కొన్ని పాటలకు మారిపోయినవి. భజనగోష్ఠులవారు తమకు తెలిసిన వరుసలలో పాడసాగిరి. అయినను పాట ఆగలేదు. దక్షిణదేశ భజనసంప్రదాయమున జయదేవుని అష్టపదుల పిమ్మట తరంగిణి గీతములను పాడుట నియమమైనది. వరహూరునకు కొలది దూరముననే తిరువయ్యారు కలదు. అచ్చట జీవించి 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనలను, నౌకాచరిత్రమను కృష్ణకథను రచించిరి. తీర్థులవారు పాడి పదునుచేసిన నేలలోనే ఆ పంట పండినది.

మన కృష్ణాతీరమున ఆయన పాట కంఠమునుండి పాదములకు దిగినది. కూచిపూడి నాట్యమునకు ఆద్యుడైన సిద్ధేంద్రయోగి తీర్థులవారి శిష్యుడని ప్రతీతి. సిద్ధేంద్రుని గూర్చియు నదిలో వరద, ఆతురసన్న్యాసము అను కథయే చెప్పుట ఒక వింత. తీర్థులవారి పేర తెలుగున పారిజాతాపహరణమను యక్షగానము చెప్పబడుచున్నది. సిద్ధేంద్రుని భామాకలాపమునకును పారిజాతకథయే మూలము. నేటికిని కూచిపూడి నర్తకులు ఇత్తడి పళ్లెరపు అంచుపై నిలిచి, కొన్నిసార్లు తలపై నీటిచెంబును ఉంచుకొని, తరంగమును ఆడుదురు. చూచువారు ఆ పళ్లెరమునే చూచి చప్పట్లు కొట్టుదురు. ఆ పాట ఎవరిదో అడుగువారు తక్కువ.

తీర్థులవారు తమ చివరిదినములను వరహూరునకు సమీపముననే కుడమురుట్టి ఒడ్డునగల తిరుప్పూన్తురుత్తిలో గడిపి మాఘశుద్ధాష్టమినాడు సమాధి చెందిరి. తిరువయ్యారు సప్తస్థానములలో నొకటియైన శివక్షేత్రమది. కృష్ణభక్తుడు శివక్షేత్రమున విశ్రమించెను. సమాధి వద్ద ఏటేట సంగీతారాధన జరుగుచున్నది. గొప్ప విద్వాంసులు వచ్చి ఆ చెట్టునీడన కూర్చుండి పాడి పోవుదురు. నదిలో మొదలైన ఆ జీవితము నది ఒడ్డుననే ముగిసినది.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒక్కటి కలదు. ఎవరును వినని చోట ఇచ్చిన మాటను ఒక పురుషుడు నిలుపుకొనెను. ఆ మాటనుండి తరంగిణి పుట్టెను. తరంగిణిని పాడెదమని ఒక చిన్న పల్లె నియమము పెట్టుకొనెను. ఆ నియమమును తండ్రినుండి కొడుకు, కొడుకునుండి మనుమడు నిలుపుకొనుచు వచ్చిరి. వారిలో అందరును విద్వాంసులు కారు. అందరకును అర్థము తెలియదు. అందరి గొంతులును శ్రుతిలో నిలువవు. ఆ దినమున ఆ చోట కూర్చుండి పాడుట మాత్రము వారు మానలేదు. ఉత్సవము ధనముచేత నిలుచునని మనమనుకొందుము. దీపములు, పందిళ్లు, ధ్వనివర్ధకములు ధనముచేత వచ్చును. ఉత్సవమును నిలుపునది మాట తప్పని మనుష్యులు.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో రామమందిరము లేని పల్లె అరుదు. ఒకప్పుడు శనివారపు రాత్రులును, ధనుర్మాసపు వేకువలును భజనలతో మ్రోగిన మందిరములలో నేడు కొన్నింటికి తాళము వేసియుండుట చూచుచున్నాము. ఆవలి నుండి వచ్చి ఎవరో వానిని తెరువనక్కరలేదు. రాబోవు శ్రీకృష్ణాష్టమినాడు ఇంటింటి పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని మందిరమున చేరి, తరంగిణిలోని ఒక్క గీతమునైనను కలిసి పాడుదురుగాక. తప్పులు వచ్చినను చింతలేదు. మరుసటి యేడు కొన్ని తగ్గును. ఆ ఏడు పాడినవారు మరుసటి యేడును పాడవలెను, అదియొక్కటియే నియమము. ఆ పాట పుట్టినది పరాయిచోటనే యైనను, దానిని పాడిన కంఠము మన ఏటి నీరు త్రాగినది. ఇంటికి వచ్చిన ఆప్తుని వలె దానిని ఆదరించుట మన విధి.

వరాహరూపమున దారిచూపిన స్వామి మనలను కూడ ఆ సంకీర్తనమార్గమున నడిపించునుగాక. శ్రీ నారాయణతీర్థ గురుచరణములకు నమస్సులు.